మా నాలుగు దారులు

మేము చేసే వుద్యోగం యేమిటని బంధువులు అడిగినప్పుడల్లా ‘కంప్యూటరు పని’ అని చెప్పి ముప్పై యేండ్లు తప్పించుకొని తిరిగాము. ఆ మాట చెప్పగానే యెదుటివారు తృప్తిపడి తమ పిల్లవాడి చదువు సంగతి యెత్తుకొనేవారు. మా పని సంగతి అక్కడితో ముగిసేది. కాని ఆ మధ్య హిందూపురంలో ఒక పెండ్లిలో మా చిన్నాయన మమ్మల్ని అంత తేలికగా విడిచిపెట్టలేదు. ఆయనకు యెనభై దాటినవి. రైల్వేలో పనిచేసి విరమించినవారు.

“కంప్యూటరు పని యిప్పుడు అందరూ చేసేదే గదరా. నువ్వు చేసేదేమి?” అన్నారు.

“లెక్కలన్నీ దాచిపెట్టే డిస్కులుంటవి, చిన్నాయనా. వాటిదాకా పోయే దారులు కాసే పని.”

ఆయన కాసేపు ఆలోచించి, “అయితే గేట్‌మ్యాన్‌వన్న మాట” అన్నారు.

పంక్తిలో పక్కనున్నవారు నవ్వారు. మేము కొంచెం చిన్నబుచ్చుకొన్న మాట నిజమే. కాని బెంగుళూరికి తిరిగివచ్చే రైలులో గౌరీబిదనూరు దాటేలోపల యెంత ఆలోచించినా అంతకన్న మంచి మాట మాకు తట్టలేదు. గేట్‌మ్యానే. పైగా ఆ గేటు దగ్గర ఒక రాత్రి మేము కాపలా సరిగా కాయని సంగతి ఒకటి వున్నది. అది మా ఆఫీసులో నలుగురికి తెలుసు. తెలియవలసిన ఒక్కరికి తెలియదు. దానిని వ్రాయాలనే యీ ప్రయత్నం.

ముందు పని యేమిటో చెప్పాలి. బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో మనకు కనబడే కంప్యూటరు వాకిలి వంటిది. లెక్కలు చేసే పెద్ద యంత్రం, అనగా సర్వరు, వెనుక యెక్కడో ఒక చల్లని గదిలో వుంటుంది. ఆ లెక్కలు దాచుకొనే డిస్కులు చాలా చోట్ల ఆ యంత్రంలో వుండవు. వేరే బీరువాలో వుంటవి. వంటిల్లు ఒకచోట, గాదె ఒకచోట అన్నట్లు. రెంటికీ మధ్య నడవ ఒక్కటే అయితే, ఆ నడవ కూలిననాడు గాదెనిండా గింజలుండీ యిల్లంతా పస్తు పడుకోవాలి.

అందుచేత యంత్రానికి రెండు కార్డులు పెడతారు. ఒక్కొక్క కార్డు నుండి వెంట్రుకవంటి గాజుపోగు వెలుగును మోసుకొంటూ ఒక్కొక్క స్విచ్చికి పోతుంది. బీరువాకు కూడా రెండు బుర్రలుంటవి, కంట్రోలర్లు అంటారు. ఒక్కొక్క స్విచ్చి ఆ రెండు బుర్రలకూ దారి యిస్తుంది. రెండు రెళ్లు నాలుగు. యంత్రం నుండి ఒకే డిస్కుకు నాలుగు దారులు యేర్పడినవి. పెద్ద సంస్థలలో యెనిమిది కూడా వుంటవి. మేము యెక్కువగా చూసినది నాలుగే.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడుతుంది. యంత్రానికి లోకజ్ఞానం లేదు. నాలుగు దారుల చివర కనబడిన ఒక్క డిస్కును నాలుగు డిస్కులనుకొంటుంది. లినక్సు యంత్రమైతే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ అని నాలుగు పేర్లు పెట్టి కూర్చుంటుంది. మన యిండ్లలో ఒకే పిల్లవాణ్ణి అమ్మమ్మ వెంకటేశు అనీ, అవ్వ నరసింహులు అనీ, బడిలో వి. ఎన్. రావు అనీ, కన్నడం మాట్లాడే పొరుగువారు పుట్టా అనీ పిలుస్తుంటే, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు నలుగురు పిల్లలున్నారు కాబోలునని నాలుగు ఆకులు వేసిందట. ఆకులు వేస్తే నష్టం లేదు. డిస్కు విషయంలో ఆ పొరబాటు చేసి, ఒకే చోటును నాలుగు వేర్వేరు చోట్లనుకొని యెవరికి వారు వ్రాయబోతే లోపలి లెక్కలన్నీ అడుగంటిపోతవి.

దీనికి విరుగుడుగా లినక్సులో డివైస్ మ్యాపర్ మల్టీపాత్ అనే యేర్పాటు వున్నది. ప్రతి డిస్కుకూ పుట్టుమచ్చ వంటి గుర్తు ఒకటి వుంటుంది. దానిని డబ్ల్యూడబ్ల్యూఐడీ అంటారు. మేము రోజూ చూసేవి 33 అక్షరాల పొడుగు, 3తో మొదలవుతవి. ఏ దారిన పోయి అడిగినా డిస్కు అదే గుర్తు చెబుతుంది. మల్టీపాత్ ఆ నాలుగు గుర్తులనూ పోల్చి చూసి, నలుగురూ ఒకరేనని తేల్చి, ‘ఎంపాత్‌ఏ’ అని ఒక్క పేరు పెట్టి, “యిక మీరు యీ పేరుతోనే పిలవండి, యే దారిన పంపాలో మేము చూసుకొంటాము” అంటుంది. ఒక దారి తెగితే మిగిలిన దారులలో పంపుతుంది. పైన పని చేసుకొనేవారికి దారి తెగిన సంగతే తెలియదు.

ఆ చివరి వాక్యాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి. మా కథంతా అందులోనే వున్నది.

దారులను చూడడానికి బొమ్మలూ బొత్తాలూ వున్న తెర అక్కరలేదు. నల్లని తెర మీద ‘మల్టీపాత్’ అని కొట్టి, కొంచెం జాగా విడిచి, ఒక అడ్డగీత కొట్టి, దాని పక్కన రెండు ‘ఎల్’లు కొట్టాలి. అంతే. డిస్కు పేరు, దాని పరిమాణం, కింద చెట్టుకొమ్మలవలె నాలుగు దారులు తెర మీద నిలబడతవి. బాగున్న దారి పక్కన ‘యాక్టివ్ రెడీ రన్నింగ్’ అని మూడు మాటలుంటవి. చెడిన దారి పక్కన ‘ఫెయిల్డ్ ఫాల్టీ’ అని వుంటుంది. చదవడానికి అర నిమిషం పట్టదు. ఐబీఎం వారి ఏఐఎక్స్ యంత్రంలో యిదే పనికి ‘ఎల్ఎస్‌పాత్’ అనాలి, సొలారిస్‌లో ‘ఎంపాత్‌ఎడిఎం’ అనాలి, విండోసు సర్వరులో ‘ఎంపీక్లెయిమ్’ అనాలి. పేర్లు వేరు, అడిగేది ఒక్కటే. ఏ దారులు బతికివున్నవి?

ఇప్పుడు మా అవ్వ సంగతి చెప్పాలి. చామరాజపేటలో మా పాత యింటి వెనుక ఒక బావి వుండేది. మాకు వూహ తెలిసేనాటికే యింట్లో కొళాయి వున్నది. కొళాయిని మన బెంగుళూరు తెలుగువాళ్లం ‘నల్లి’ అంటాము గదా. గుంటూరు నుండి వచ్చిన బంధువు ఒకాయన, మా అమ్మ “నల్లి నీళ్లు పట్టిస్తాను, కూర్చోండి” అనేసరికి లేచి నిలబడ్డారు. ఆయనకు నల్లి అంటే మంచంలో వుండేది. ఆ కథ మా యింట్లో యిరవై యేండ్లు నడిచింది.

1974లో పట్నానికి కావేరి నీళ్లు వచ్చిన తరువాత బావితో యెవరికీ పని లేకపోయింది. మా వీధిలో బావులున్న యిండ్లు ఆరేడు. ఒక్కొక్కరే బావి మీద బండ వేశారు. మా అవ్వ మాత్రం తెల్లవారి లేవగానే బావి దగ్గరకు పోయి ఒక్క చేద నీళ్లు తోడి తులసికోటలో పోసేది. రెండవ చేద తోడేది కాదు. కొళాయి పక్కనే వుండగా యీ శ్రమ యెందుకని మా నాయన విసుక్కొనేవారు. ఆమె జవాబు చెప్పేది కాదు. మాకు మాత్రం ఒకసారి చెప్పింది. “గిలక తిరుగుతుందో లేదో, చేంతాడు చివికిందో లేదో, తోడకుండా యెట్లా తెలుస్తుందిరా అబ్బీ?” ఒకనాడు తాడు పోగులు లేచి వుండడం చూసి, సంతకు పోయి కొత్త తాడు తెచ్చేదాకా యింట్లో యెవరినీ నిలవనీయలేదు. చేద బావిలో పడితే పాతాళగరిగె కోసం వీధివీధీ తిరిగింది.

ఒక వేసవిలో పెద్ద గొట్టం పగిలి నాలుగు రోజులు మా వైపు కొళాయిలు రాలేదు. మిగిలినవారు బావుల మీది బండలు తీశారు. ఒకరింట్లో గిలక తుప్పుపట్టి తిరగలేదు. ఒకరింట్లో తాడే లేదు. ఇంకొకరింట్లో తాడు సగం దూరం వచ్చి తెగింది. వీధి వీధంతా బిందెలు పట్టుకొని మా పెరట్లోకి వచ్చింది.

మల్టీపాత్ యేర్పాటులో కూడా ఒక అవ్వ వున్నది. ఆమె పేరు మల్టీపాత్‌డీ. యంత్రం లేచినప్పటి నుండి పడుకొనేదాకా వెనుక కూర్చుని, మామూలుగా ప్రతి 5 సెకండ్లకు ఒకసారి ఒక్కొక్క దారిన పోయి డిస్కును “ఉన్నావా?” అని అడుగుతుంటుంది. దారి నిలకడగా వుంటే అడిగే వ్యవధి కొంచెం కొంచెంగా పెంచుకొంటూ 20 సెకండ్లదాకా పోతుంది. జవాబు రాకపోతే ఆ దారిని పక్కన పెడుతుంది. మళ్లీ జవాబు వస్తే ఆ దారిని చేరదీస్తుంది. మా అవ్వకూ ఆమెకూ తేడా ఒక్కటే. తాడు చివికితే మా అవ్వ యిల్లు పీకి పందిరి వేసేది. మల్టీపాత్‌డీ చిట్టాలో ఒక వరుస వ్రాసి వూరకుంటుంది. ఆ చిట్టా చదవడం మా పని.

2012లో, ఆషాఢ మాసం. మా అమ్మకు అప్పటికి డెబ్బై రెండేండ్లు. మూత్రపిండాల వ్యాధి ముదిరి కాళ్లు వాచి, వూపిరి ఆడక, పట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్చాము. ఆ ఆసుపత్రి యంత్రాల గది చూసుకొనే పని మా కంపెనీదే. అందుకే అక్కడ చేర్చాము కూడా. తెలిసిన చోటు, తెలిసిన మనుష్యులు అని. మూడవ రాత్రి ఆమెకు గుండె కొట్టుకోవడం తడబడింది. డ్యూటీ డాక్టరుగారు వచ్చి చూసి, రక్తంలో పొటాషియం యెంత వున్నదో తెలిస్తేగాని మందు సంగతి తేల్చలేమని రక్తం తీయించి పంపారు. అప్పుడు పదకొండు గంటలు. పరీక్షగదిలో ఫలితం తేలగానే అది కంప్యూటరులో యెక్కి వార్డులోని తెర మీద కనబడుతుంది. మామూలుగా గంట పట్టేది.

పదకొండున్నరకు మా దగ్గర పనిచేసే పిల్లవాడు యంత్రాల గది నుండి ఫోను చేశాడు. మంచివాడు, మా తమ్ముడు వంటివాడు.

“అన్నా, అమ్మకెట్లా వుంది? ఈ సమయంలో అడుగుతున్నందుకు యేమనుకోవద్దు. రెండవ స్విచ్చికి కొత్త సాఫ్టువేరు యెక్కించేది యీ రాత్రికే గదా. పన్నెండింటికి దాన్ని ఆపి లేపుతాము. మొదటి పక్క దారులు బాగున్నవా?”

“బాగున్నవి. కానీయ్” అన్నాము.

ఆ మాట యెంత సులభంగా వచ్చిందో యిప్పటికీ మాకు ఆశ్చర్యమే. ఆ దారులను మేము కడపట చూసినది 41 రోజుల కిందట. అప్పుడు నాలుగూ బాగున్నవి. అనుమతి కాగితంలో కూడా ఆనాటి తెరనే అతికించి సంతకం పెట్టాము. అమ్మ మంచం పక్కన వున్నాము గనుక ఆ రాత్రి చూడలేకపోయామని చెప్పుకోవచ్చు. కాని కాగితం మీద సంతకం పెట్టిన నాటికి అమ్మ యింట్లోనే వున్నది. ఆమె చేతి వంట తిని ఆఫీసుకు పోయి పెట్టిన సంతకం అది.

పన్నెండుంబావుకు నర్సమ్మ వచ్చి, కంప్యూటరు కదలడం లేదనీ, చక్రం తిరుగుతూనే వున్నదనీ చెప్పింది. మాకు చేతులు చల్లబడినవి. అమ్మను చెల్లెలికి అప్పగించి మెట్లు దిగి కింది అంతస్తుకు పరుగెత్తాము.

సర్వరు బతికే వున్నది. దాని సొంత వ్యవస్థ లోపలి డిస్కు మీద వున్నది గనుక నల్లని తెర పలికింది. ‘మల్టీపాత్’, అడ్డగీత, రెండు ‘ఎల్’లు. నాలుగు వరుసలు వచ్చినవి. నాలుగింటి పక్కనా ‘ఫెయిల్డ్ ఫాల్టీ’. చిట్టా తీసి చూస్తే రెండు దారులు పన్నెండూ నాలుగు నిమిషాలకు పడినవి. అది స్విచ్చిని ఆపిన క్షణం. మిగిలిన రెండు దారులు పడి 19 రోజులైంది. మొదటి స్విచ్చిలో యీ సర్వరు గాజుపోగు వచ్చి దూరే చోట బొటనవేలంత మాడ్యూలు ఒకటి వుంటుంది. వెలుగును పంపేదీ, పట్టేదీ అదే. అది చచ్చిపోయింది. మల్టీపాత్‌డీ చిట్టాలో వ్రాసింది. హెచ్చరిక ఉత్తరం కూడా పోయింది, వుద్యోగం మానిపోయిన ఒక మనిషి పేరున. రెండవ పక్క దారులు బరువంతా మోస్తూ వచ్చినవి. పని ఒక్క క్షణం ఆగలేదు గనుక యెవరూ అడగలేదు. ఆ పందొమ్మిది రోజులూ నాలుగు దారులున్నవనుకొంటూ మేము హాయిగా నిద్రపోయాము.

ఆపిన స్విచ్చి మాత్రం తిరిగి లేవడం లేదు. కొత్త సాఫ్టువేరు యెక్కుతూ మధ్యలో యిరుక్కుపోయింది.

దారులన్నీ పడిపోయినప్పుడు యంత్రం యేమి చేయాలన్నది ముందే నిర్ణయించి వ్రాసిపెట్టుకోవాలి. దానిని ‘నో పాత్ రీట్రై’ అంటారు. ‘ఫెయిల్’ అని వ్రాస్తే, దారి లేదని వెంటనే చెప్పేస్తుంది. పైన వున్న లెక్కల పుస్తకం, అనగా డేటాబేసు, నడుస్తున్న వాక్యం మధ్యలో తెగిపోతుంది. ‘క్యూ’ అని వ్రాస్తే, వచ్చిన ప్రతి వ్రాతనూ పట్టి వరుసలో నిలబెట్టి దారి తెరుచుకొనేదాకా కాచుకొంటుంది. యుగాంతందాకా అయినా కాచుకొంటుంది. అట్లా నిలబడినవాటిని చంపుదామన్నా చావవు. మధ్యేమార్గంగా ఒక అంకె కూడా వ్రాయవచ్చు. 12 అని వ్రాస్తే అయిదేసి సెకండ్ల చొప్పున 12 సార్లు, అనగా ఒక నిమిషం చూసి ఆశ వదులుకొంటుంది. ఆ సర్వరుకు మేము వ్రాసినది ‘క్యూ’.

“అన్నా, క్యూ తీసేద్దామా? యంత్రాన్ని ఆపి లేపుదామా?” అన్నాడు పిల్లవాడు. అతని గొంతు వణుకుతున్నది.

తీయడం కష్టం కాదు. ‘డీఎంసెటప్ మెసేజ్’ అని మొదలుపెట్టి డిస్కు పేరు చెప్పి, ‘ఫెయిల్ ఇఫ్ నో పాత్’ అని ముగించే ఒక్క వరుస. కొడితే యిరుక్కున్నవన్నీ ఒక్కసారిగా వూడిపోతవి. కాని డేటాబేసు కూలుతుంది. దానిని మళ్లీ నిలబెట్టి సరిచూసుకోవడానికి తెల్లవారుతుంది. ఆ వరుసలో ఎందరి రక్తం లెక్కలున్నవో, వాటిలో మా అమ్మది కూడా వున్నదో లేదో మాకు తెలియదు. వరుస కొట్టాము. ఎంటర్ కొట్టలేదు. ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపివేశాము. ఆ రాత్రి మేము చేసిన పనులలో తలెత్తుకొని చెప్పుకోగలిగినది ఆ చెరపడం ఒక్కటే.

అరగంటకు పైగా లేవని స్విచ్చి యెదుట కూర్చుని ప్రాధేయపడ్డాము. భయపడిన మనిషికి కళ్లెదుట చెడినదే కనబడుతుంది. పందొమ్మిది రోజుల కిందట చెడినది జ్ఞాపకం రాదు. బాగుచేయడానికి తేలికైనది అదే. మొదటి స్విచ్చి నిక్షేపంగా వెలుగుతున్నది. దానికి కావలసినది ఒక మాడ్యూలు. నెలాఖరుకు తప్ప పనిలేని టేపు యంత్రం తాలూకు మాడ్యూలు అదే స్విచ్చిలో రెండు జానల దూరంలో కూర్చుని వున్నది. పీకి, చచ్చినదాని స్థానంలో పెట్టి, గాజుపోగు గుచ్చాము. పచ్చదీపం వెలిగింది. మళ్లీ రెండు ‘ఎల్’లు కొట్టాము. చూస్తుండగానే రెండు వరుసల పక్కన ‘యాక్టివ్ రెడీ రన్నింగ్’ అని వచ్చింది. మేము యింకేమీ చేయనక్కరలేకపోయింది. వరుసలో నిలబడినవన్నీ గాదె దారిపట్టినవి. ఒక్క అక్షరం పోలేదు. గోడ గడియారంలో ఒంటిగంటా పది నిమిషాలు.

పైకి పోయేసరికి అమ్మకు చేతికి మందు యెక్కుతున్నది. ముఖంలో కొంచెం కళ వచ్చింది. చెల్లెలు చెప్పిన సంగతి యిది. పరీక్షగదిలో ఒక పెద్దాయన వుండేవారు. కంప్యూటరు వచ్చిన నాటి నుండీ దాని మీద ఆయనకు గురి లేదు. ప్రతి ఫలితమూ ముందు తన పొడుగాటి పుస్తకంలో సిరాతో వ్రాసుకొని, తరువాతనే తెర మీద యెక్కించేవారు. ఆ అలవాటు మానుకొమ్మని పైవారు చెప్పారట. మేము కూడా ఒకసారి నవ్వాము. ఆ రాత్రి తెర కదలకపోయేసరికి ఆయన పుస్తకంలోని అంకెను చీటీ మీద వ్రాసి, వార్డుబాయి చేతికిచ్చి “పరుగెత్తు” అన్నారు. ఆ అబ్బాయి మూడంతస్తులు పరుగెత్తాడు. లిఫ్టు కోసం ఆగలేదు. చీటీ పన్నెండూ ముప్పై అయిదుకు డాక్టరుగారి చేతికి వచ్చింది. మేము కింద స్విచ్చి ముందు కూర్చున్న సమయం అది.

యంత్రాల గది గోడ మీద మేము అందంగా గీయించి అంటించిన పటం వుండేది; యెర్రగీతలు రెండు, నీలిగీతలు రెండు. ఆ పటంలో పెద్దాయన పుస్తకం లేదు. ఆ అబ్బాయి కాళ్లు లేవు.

ఆ తరువాత మేము మార్చుకొన్నవి పెద్దవేమీ కావు. దారులను లెక్కపెట్టి, నాలుగుకు తగ్గితే ముగ్గురికి కబురు పంపే చిన్న వరుసల కట్ట ఒకటి వ్రాసి గంటగంటకూ నడిచేటట్లు పెట్టాము. అది వున్నా సరే, స్విచ్చి మీద చేయి వేసేముందు అప్పటికప్పుడు రెండు ‘ఎల్’లు కొట్టి కళ్లతో చూడాలని నియమం పెట్టాము. చూడని మనిషి ఫోనులో ‘కానీయ్’ అనకూడదు. ఒక్కొక్క సర్వరుకు ‘క్యూ’ తగునా, అంకె తగునా అని ఆసుపత్రివారితో కూర్చుని తేల్చుకొన్నాము; అంతవరకు అది మా సొంత పెత్తనంగా వుండేది. రెండు స్విచ్చుల తీగెలు వెతుక్కుంటూ పోతే రెండూ కింద ఒకే కరెంటు పలకలో గుచ్చి వున్నవి. ఇది మాకు దొరికిన రెండవ సిగ్గు. బెంగుళూరు నుండి హిందూపురానికి దొడ్డబళ్లాపురం మీదుగా ఒక దారి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా ఒక దారి వున్నవని మనం గొప్పగా చెప్పుకొంటాము. హెబ్బాళ దగ్గర వాహనాలు నిలిచిపోయిననాడు రెండు దారులవారూ అక్కడే నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. ఆ కరెంటు పలక మా హెబ్బాళ.

ఇప్పుడు ఎన్‌వీఎంఈ అనే కొత్తరకం డిస్కులు వచ్చినవి. 2018 జనవరిలో వెలువడిన లినక్సు 4.15 నుండి వాటి దారులను కెర్నెల్ తానే చూసుకోగలదు. వెనుక కూర్చునే అవ్వ అక్కరలేదు. చూడాలంటే ‘ఎన్‌వీఎంఈ లిస్ట్-సబ్‌సిస్’ అని కొట్టాలి. పిల్లలు యిది చాలా తేలిక అంటారు. తేలికే. కాని తెగిన దారి సంగతి యిప్పుడూ అది అరచి చెప్పదు. వచ్చి అడిగినవాడికే చెబుతుంది.

మరునాడు తెల్లవారి అమ్మ కళ్లు తెరిచి, “రాత్రి యేమిరా, ఆ కాగితం అంతసేపు రాలేదు?” అని అడిగింది.

“యంత్రం చెడిపోయిందమ్మా” అన్నాము.

“పాపం, దాన్ని చూసుకొనేవాళ్లకు యెంత కష్టమో” అన్నది.

చెప్పడానికి అది సమయం. మేము చెప్పలేదు. తరువాత ఆమె కోలుకొని యింటికి వచ్చింది, 2019 దాకా వున్నది. చెప్పడానికి యేడేండ్లు వున్నవి. ప్రతి యుగాదికీ ఓళిగలు చేసి రెండు డబ్బాలు కట్టి మా చేతికిచ్చేది. ఒకటి పరుగెత్తి చీటీ తెచ్చిన అబ్బాయికి. రెండవది “ఆ రాత్రి యంత్రం బాగుచేసినవాళ్లకు” అనేది. మొదటి డబ్బా మేమే వార్డుకు పోయి యిచ్చి వచ్చేవాళ్లం. రెండవది పట్టుకొని యంత్రాల గదికి దిగేవాళ్లం. పిల్లవాడు మూత తీసి, “అన్నా, యిది నాకా, నీకా?” అని అడిగేవాడు. చెరిసగం తిని డబ్బా కడిగి యింటికి తెచ్చేవాళ్లం. రుచిగా వున్నవన్నారా అని అమ్మ అడిగేది. ఉన్నవన్నారని చెప్పేవాళ్లం.